క్షమించడమంటే మరచిపోవడమేనా?

శత్రువును క్షమించుమని మన ప్రభువు నేర్పారు. అందుచేత యుద్ధంలో జరిగిన ఘోరాల గురించి ఎవరైనా లెక్క అడిగితే, "జరిగిందేదో జరిగింది, పాత గాయాలు రేపడం క్రైస్తవ లక్షణమా?" అని కొందరు మంచివారే ప్రశ్నిస్తారు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ అనే చిన్న కతోలిక దేశంలో జరిగిన ఒక సంఘటనను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఆ రాత్రి జరిగినది

ఆ దేశంలో సైన్యానికీ, గెరిల్లాలకూ మధ్య పన్నెండేండ్లు సాగిన అంతర్యుద్ధం సుమారు 75,000 మంది ప్రాణాలు తీసింది. పేదల పక్షాన నిలిచిన అగ్రపీఠాధిపతి పునీత ఆస్కార్ రొమేరో 1980 మార్చి 24న దివ్యబలిపూజ అర్పిస్తూండగా హతులయ్యారు.

1989 నవంబరు 16 తెల్లవారుజామున రాజధాని సాన్ సాల్వడార్‌లోని మధ్య అమెరికా విశ్వవిద్యాలయంలోకి సైనికులు ప్రవేశించి ఆరుగురు యేసుసభ గురువులను కాల్చి చంపారు. వారిలో విశ్వవిద్యాలయ అధిపతి ఇగ్నాసియో ఎయ్యాకురియా ఒకరు. యుద్ధం ఆపి చర్చలకు కూర్చోండని ఉభయపక్షాలకు చెబుతూ వచ్చిన వ్యక్తి ఆయన. సెగుందో మోంతెస్ మానవ హక్కుల సంస్థను నడిపారు. ఇగ్నాసియో మార్తిన్ బారో మనస్తత్వ శాస్త్రవేత్త. వంటమనిషి ఎల్బా రామోస్, ఆమె పదహారేళ్ల కుమార్తె సెలీనా కాల్పుల భయంతో ఆ రాత్రి అక్కడే తలదాచుకున్నారు. సాక్షులు మిగలకూడదన్నది పైనుండి వచ్చిన ఆజ్ఞ. అందుచేత వారినీ చంపారు. ఈ పని గెరిల్లాలదేనని నమ్మించడానికి అట్ట మీద వ్రాసి అక్కడ వదిలారు.

ఐదు రోజుల్లో వచ్చిన చట్టం

1991లో విచారణకు నిలబెట్టిన సైనికులలో ఇద్దరు అధికారులకు మాత్రమే హత్యానేరం అంటింది. ఆజ్ఞ ఇచ్చిన పెద్దలు బోనెక్కలేదు. 1992 జనవరిలో శాంతి ఒప్పందం కుదిరింది. ఐక్యరాజ్యసమితి నియమించిన సత్య కమిషన్ 1993 మార్చి 15న తన నివేదికలో ఉన్నత సైనికాధికారుల పేర్లు బయటపెట్టింది. సరిగ్గా ఐదు రోజులకు, మార్చి 20న, అక్కడి శాసనసభ అందరికీ క్షమాభిక్ష ప్రసాదిస్తూ చట్టం చేసింది. శిక్షపడిన ఆ ఇద్దరూ విడుదలయ్యారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. క్షమించింది ఎవరు? తల్లిని, బిడ్డను పోగొట్టుకొన్నవారు కాదు. నేరస్థులు తప్పు ఒప్పుకొన్నారా? లేదు. యేసుసభ వారు పగ తీర్చుకోవాలని ఎన్నడూ కోరలేదు. మొదట సత్యం, తరువాత న్యాయం, ఆ తరువాత క్షమాపణ అన్నదే వారు అడిగిన క్రమం.

తలుపు తట్టినవారు

స్వదేశంలో తలుపులు మూసుకుపోయినప్పుడు ఆ తలుపు తట్టడం మానని వారు న్యాయవాదులు, మానవ హక్కుల సంఘాలు, ఆచార్యులు. అమెరికాస్ వాచ్ అనే సంస్థ 1989లోనే అమెరికా ఖండ దేశాల మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. పదేళ్లకు, 1999 డిసెంబరులో, ఆ కమిషన్ ఎల్ సాల్వడార్ ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది. క్షమాభిక్ష చట్టాన్నీ తప్పుపట్టింది. అయినా దేశంలో విచారణ ముందుకు సాగలేదు.

2008 నవంబరులో సాన్ ఫ్రాన్సిస్కోలోని సెంటర్ ఫర్ జస్టిస్ అండ్ అకౌంటబిలిటీ, స్పెయిన్‌లోని ఒక మానవ హక్కుల సంఘం కలిసి మాడ్రిడ్‌లోని జాతీయ న్యాయస్థానంలో ఫిర్యాదు దాఖలు చేశాయి. స్పెయిన్‌లో ఎందుకు? హతులైన గురువులలో ఐదుగురు ఆ దేశంలో పుట్టినవారు. పైగా, కొన్ని ఘోరనేరాలు మానవజాతి అంతటికీ వ్యతిరేకమైనవి గనుక వాటిని పరదేశపు న్యాయస్థానం కూడా విచారించవచ్చునన్న సూత్రం ఉన్నది.

1989లో ప్రజాభద్రత ఉపమంత్రిగా ఉన్న కర్నల్ ఇనొసెంతే మొంతానో అమెరికాలో కాపురముంటున్నట్లు తెలిసింది. వలస పత్రాలలో అబద్ధాలు వ్రాసినందుకు అక్కడ శిక్ష అనుభవించాక, 2017 నవంబరులో ఆయనను స్పెయిన్‌కు అప్పగించారు. 2020లో విచారణ జరిగింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు టెర్రీ కార్ల్ వంటి నిపుణులు ఏళ్ల తరబడి సేకరించిన ఆధారాలను కోర్టు ముందుంచారు. 2020 సెప్టెంబరు 11న న్యాయస్థానం ఆయనకు 133 సంవత్సరాల 4 నెలల జైలుశిక్ష విధించింది. ఈలోగా, 2016లో, క్షమాభిక్ష చట్టాన్ని ఎల్ సాల్వడార్ సర్వోన్నత న్యాయస్థానమే కొట్టివేసింది.

విసుగక న్యాయాధిపతి గుమ్మం ఎక్కిన విధవరాలి ఉపమానాన్ని (లూకా 18) ఈ కథతో కలిపి చదివి చూడండి.

శ్రీసభ బోధ

ఆదికాండము 4వ అధ్యాయంలో దేవుడు కయీనును మొదట అడిగినది అతని తమ్ముని గురించి. ఆ తరువాతనే తీర్పు చెప్పాడు, కయీను ప్రాణానికి రక్షణ కూడా ఇచ్చాడు. పాపసంకీర్తనమనే దివ్యసంస్కారంలోనూ ఇదే క్రమం: పశ్చాత్తాపం, పాపాన్ని నోటితో ఒప్పుకోవడం, ప్రాయశ్చిత్తం. దాచిన పాపానికి పాపవిమోచనం అడగలేము. రెండవ వాటికన్ మహాసభ కూడా 1965లో, జాతులను నిర్మూలించడం వంటి ఘోరాలకు ఇచ్చే ఆజ్ఞలే నేరమనీ, గుడ్డిగా లోబడినవారికి ఆ విధేయత సాకు కాజాలదనీ బోధించింది.

కనుక లెక్క అడగడం క్షమకు శత్రువు కాదు, క్షమకు దారి తీసే మొదటి మెట్టు.

ఇంకా తీరని అప్పు

మొంతానోకు పడిన శిక్ష స్పెయిన్‌లో పుట్టిన ఐదుగురు గురువుల హత్యలకు మాత్రమే. సాల్వడార్ దేశస్థులైన గురువు హోఅకీన్ లోపెస్ ఇ లోపెస్, ఎల్బా, సెలీనాల హత్యలకూ ఆయనదే బాధ్యత అని న్యాయమూర్తులు చెప్పారు. కాని అమెరికా ఆయనను అప్పగించిన ఉత్తర్వులో ఆ మూడు హత్యలు లేనందున వాటికి శిక్ష వేయలేకపోయారు. వంటమనిషి, ఆమె బిడ్డ చివరకు చట్టం అంచున మిగిలిపోయారు. ఎల్బా భర్త ఒబ్దూలియో విశ్వవిద్యాలయ తోటమాలి. హత్యలు జరిగిన ఆ నేలలో ఆయన గులాబీలు నాటాడు. ఆ గులాబీ తోట నేటికీ యాత్రికులకు ఆ ఎనిమిది మందినీ గుర్తుచేస్తున్నది.

ఆలోచనకు, చర్చకు

1. బాధితులు అడగకుండానే వారి తరఫున ఇతరులు క్షమించవచ్చునా?
2. న్యాయవాది, వైద్యుడు, ఉపాధ్యాయుడు తమ వృత్తి ద్వారా సత్యానికి ఎలా సాక్షులు కాగలరు?
3. మన విచారణలో ఎల్బా, సెలీనాల వలె ఎవరి లెక్కలోకీ రాని వారు ఎవరు?