శుక్రవారం సాయంత్రం గుమ్మంలో ఎవరుండాలి?

ఇరవై మూడేళ్లకే ఉద్యోగం కోసం వాషింగ్టన్ వచ్చిన యూదు కుర్రాడికి శుక్రవారం సాయంత్రం గడవడమే కష్టం. ఇంటిదగ్గర అమ్మ వారాంతపు విశ్రాంతి దినమైన షబ్బత్ దీపాలు వెలిగించేది, నాన్న ద్రాక్షారసం గిన్నె పట్టుకుని కిద్దుష్ ప్రార్థన చదివేవాడు. ఇక్కడ ఉన్నది అద్దె గది, పార్సిల్ భోజనం. ఇలాంటివాళ్లను ఒకచోట చేర్చే పని జీతానికో, ఇష్టంకొద్దీనో మీరు ఒప్పుకుని ఉంటే, పెద్ద పెద్ద కార్యక్రమాల ఆలోచన ముందు పక్కన పెట్టండి. రెండొందల మందితో హాలు నింపినా, వాళ్లలో ఇద్దరు మర్నాడు ఒకరినొకరు పలకరించుకోకపోతే ఒరిగేదేమీ లేదు. పన్నెండు మందికి సరిపోయే బల్లతో మొదలుపెట్టండి. నెలనెలా అదే ఇల్లు, అదే వారం.

వేళ దగ్గరే చాలామంది పొరబడతారు. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగించడం ఆనవాయితీ. డిసెంబరులో వాషింగ్టన్‌లో అది సాయంత్రం నాలుగున్నరకే వచ్చేస్తుంది. ఆ వేళకు ఆఫీసు వదిలి మీ ఇంటికి చేరేదెవరు? చలికాలంలో దీపాలు ఎవరింట్లో వాళ్లను వెలిగించుకోమని, భోజనం ఏడున్నరకు పెట్టుకోండి. నిష్ఠగా ఉండేవాళ్లు షబ్బత్ మొదలయ్యాక కారెక్కరు, ఫోను ముట్టరు. అందుకని నడిచి రాగలిగే ఇల్లు చూడండి, చిరునామా గురువారమే పంపండి. వంట శాకాహారమైతే మాంసం, పాలు కలవకూడదన్న నియమంతో చిక్కు రాదు. వంటగది కోషర్ (యూదుల ఆహార నియమాలకు తగినది) కాకపోతే ఆ మాట ముందే చెప్పేసి, కోషర్ ముద్ర ఉన్న ప్యాకెట్లు, కాగితం పళ్లేలు విడిగా పెట్టండి.

ఖర్చుకు వెనకాడక్కర్లేదు. ఇరవైలు, ముప్పైల్లో ఉన్నవాళ్లు ఇచ్చే షబ్బత్ విందులకు వన్‌టేబుల్ అనే సంస్థ 2014 నుంచి సాయం చేస్తోంది. 2006లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో మొదలైన మోయిషె హౌస్ పద్ధతిలో కొందరు యువతీయువకులు ఒకే ఇంట్లో ఉంటూ తోటివాళ్లను పిలుస్తారు, అద్దెలో కొంత సంస్థ భరిస్తుంది. పెద్ద పండగలకైతే 1908 నాటి సిక్స్త్ అండ్ ఐ సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) వాషింగ్టన్‌లోనే ఉంది, అందరూ కలిసి వెళ్లండి.

ఇక గుమ్మం సంగతి. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోని ఒక సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపారు. కాపలా వద్దని ఎవరూ అనలేరు. కానీ కొత్తవాళ్లకు మొదట కనిపించే ముఖం కాపలాదారుదే అయితే సగం మంది మళ్లీ రారు. ఆయన పక్కన నవ్వుతూ పేరు అడిగే మనిషి ఒకరు ఉండి తీరాలి.

ఆ మనిషి అడగకూడని ప్రశ్న ఒకటుంది: "మీ అమ్మ యూదురాలేనా?" సంప్రదాయవాదులు తల్లి నుంచే యూదత్వాన్ని లెక్కిస్తారు. అమెరికా రిఫార్మ్ శాఖ 1983లో తండ్రి వైపు నుంచి వచ్చినదాన్నీ ఒప్పుకుంది. 2010 తర్వాత పెళ్లాడిన అమెరికా యూదుల్లో 61 శాతం మందికి జీవిత భాగస్వాములు యూదేతరులేనని ప్యూ పరిశోధన సంస్థ సర్వే చెబుతోంది. ఇలాంటి పెళ్లిళ్లు ఇంత మామూలైనప్పుడు మీ గుమ్మంలోకి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటుంది. రంగు చూసి, యాస విని అనుమానపడటం ఇంకా తప్పు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులున్నారు. వాళ్లమ్మాయి ఒకరు మీ ఇంటికొస్తే "నువ్వెలా యూదురాలివి?" అని అడుగుతారా?

ఓ విందులో నేను కళ్లారా చూసింది చెబుతాను. కొత్తగా వచ్చిన అమ్మాయి కోటైనా విప్పకుండా గోడవారగా నిలబడి, ఫోన్లో ఏదో చదువుతున్నట్టు తల వంచుకుంది. ఇంటావిడ కుశల ప్రశ్నలేవీ వేయలేదు. తెల్లటి గుడ్డ చేతికిచ్చి, "ఆ హల్లా రొట్టెలు రెండింటి మీదా ఇది కప్పవూ, కిద్దుష్ అయ్యేదాకా కనపడకూడదు" అంది. ఆ పిల్ల గుడ్డ అందుకోవడానికి ఫోను జేబులో పెట్టింది. కప్పాక కోటు విప్పింది. తర్వాతి నెల రొట్టెలు తనే తెచ్చింది.

మీరూ అలాగే వచ్చినవాళ్లకు పని చెప్పండి. హీబ్రూ రానివాళ్ల కోసం ప్రార్థనలను ఇంగ్లీషు లిపిలో, అర్థంతో సహా అచ్చువేసి ప్రతి పళ్లెం పక్కనా ఉంచండి. ఎవరికి రాదో వేరుగా తెలియకుండా ఉంటుంది. ఆదివారం పొద్దున మొదటిసారి వచ్చినవాళ్లకు ఫోన్ చేసి, వచ్చే నెల ఏం తెస్తారో అడగండి.