లీ మాన్స్ 24 గంటలు: తొలి అడుగులు

ఎండ్యూరెన్స్ రేసు అంటే వేగంతో పాటు కారు మన్నికనూ తేల్చే పోటీ. నిర్ణీత సమయంలో ఎక్కువ దూరం నడిచిన కారుదే గెలుపు. ఈ కోవలో ప్రసిద్ధమైనది ఫ్రాన్స్‌లోని లీ మాన్స్. నిర్వాహక సంస్థ: ఆటోమొబైల్ క్లబ్ ద లువెస్ట్.

తొలి పోటీ: 1923 మే 26-27. నాటి సర్క్యూట్ 17.26 కి.మీ. బరిలో 33 కార్లు, చివరిదాకా నిలిచినవి 30. ఆనాటి రోడ్లను తలచుకుంటే ఇది ఆశ్చర్యమే! ఎక్కువ దూరం నడిపినవారు ఆండ్రే లగాష్, రెనే లియోనార్. కారు షెనార్ ఎ వాల్కర్, 128 ల్యాపులు.

ఇక్కడే మెలిక. మూడేళ్ల ఫలితాలను బట్టి ఇచ్చే కప్పు కోసం పెట్టిన పోటీ కావడంతో 1923లో అధికారిక విజేత లేరు. క్విజ్‌లో దీనిపై ప్రశ్న వస్తే, అందులో ‘అధికారిక’ అనే మాట ఉందేమో చూసుకోవాలి.

1924లో బెంట్లీ తొలి గెలుపు (డఫ్, క్లెమెంట్). 1927-30 వరుసగా నాలుగుసార్లు బెంట్లీ, 1931-34 ఆల్ఫా రోమియో. డ్రైవర్లు పరుగెత్తి కారెక్కే ‘లీ మాన్స్ స్టార్ట్’ 1925లో మొదలైంది.

జరగని ఏళ్లు: 1936 (సమ్మెలు), 1940-48 (యుద్ధం, ఆపై పునర్నిర్మాణం). 1949లో ఫెరారీ తొలి విజయం. 1955 జూన్ 11న ఈ రేసులో జరిగిన ప్రమాదంలో 80 మందికి పైగా మృతి.

భారత్ కోణం: ఇక్కడ పోటీపడిన తొలి భారతీయుడు చెన్నైకి చెందిన కరుణ్ చంధోక్ (2012).

గమనిక: 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన జరిగింది ఫార్ములా-ఈ, అంటే విద్యుత్ కార్ల రేసు. అది ఎండ్యూరెన్స్ కాదు. విజేత జాన్ ఎరిక్ వెర్న్.