తాండూరు బండ మీద తలం సమీకరణం

ప్రశ్న: ఇంటర్ గణితంలో తలానికి పరామితీయ రూపం, అభిలంబ రూపం అని రెండు సదిశా సమీకరణాలున్నాయి. ఏది ఎప్పుడు వాడాలో తెలియడం లేదు.
– విద్యార్థిని, వికారాబాద్

జవాబు: రెండింటినీ వేర్వేరు సూత్రాలుగా కంఠస్థం చేయడమే ఈ తికమకకు కారణం, నిజానికి అవి ఒకే తలాన్ని రెండు విధాల వర్ణిస్తాయి. నేలపై పరిచిన తాండూరు నాపరాతి బండ మూల నుంచి ఒక అంచు వెంట కొంత, రెండో అంచుకు సమాంతరంగా మరికొంత జరిగితే, దానిపై ఏ బిందువునైనా చేరవచ్చు. ఆ జరుగుబాటు కొలతలే పరామితులు. అదే బండపై నిటారుగా మేకు నిలిపితే, బండపై గీసిన ప్రతి గీతా దానికి లంబంగా ఉంటుంది. ఆ మేకు దిశే అభిలంబ సదిశ. బండను వాల్చితే అభిలంబం మారుతుంది, వాల్చకుండా పైకెత్తితే సమీకరణంలోని స్థిరసంఖ్య మాత్రమే మారుతుంది.

బిందువులు గాని, తలంలోని దిశలు గాని ఇస్తే పరామితీయ రూపం, లంబ దిశ గాని, దూరం గాని ప్రస్తావిస్తే అభిలంబ రూపం అనువైనవి.

ఎ (1, 0, 0), బి (0, 2, 0), సి (0, 0, 3) బిందువులిచ్చి అభిలంబ రూపం అడిగితే, ముందుగా ఎ నుంచి బి, సి లకు సదిశలు (−1, 2, 0), (−1, 0, 3) రాయాలి. రెండింటికీ లంబంగా ఉండే వాటి సదిశా లబ్ధం (6, 3, 2). ఎ నిరూపకాలను దీని అంశాలతో వరుసగా గుణించి కూడితే 6 వస్తుంది, అదే సమీకరణంలోని స్థిరసంఖ్య. బి, సి లకూ 6 వస్తే లెక్క సరైనదే. సదిశా లబ్ధం శూన్యమైతే మూడు బిందువులూ ఒకే రేఖపై ఉన్నట్లు, వాటితో ఒకే తలం నిర్ణయం కాదు.

నాలుగైదు లెక్కలు చేసినా సరిచూపులో తేడా వస్తూంటే, ఆ నోటుపుస్తకంతో కళాశాల అధ్యాపకులను స్వయంగా కలవాలి. గుర్తుల పొరపాటు ఏ మెట్టులో దొర్లుతోందో వారు పక్కన కూర్చుని చూపగలరు.