7.4 ఇంజను మార్చాక క్లచ్ విడవకపోతే

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌లో ఒక షెడ్డులో మీరు పనిచేస్తున్నారనుకోండి. పాత అంబాసిడర్‌కు మరో బండి ఇంజను, గేరుబాక్సు బిగించారు. (ఉత్తర్‌పారాలో ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది.) ఇంజను బాగానే నడుస్తోంది. కాని పెడల్ పూర్తిగా తొక్కినా రివర్స్ గేరు గరగరమంటోంది. అంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు.

వెంటనే గేరుబాక్సు దించకండి. ఒక రోజు కూలి వృథా కావచ్చు. లోపం బయటే ఉండవచ్చు.

పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని ద్రవం గొట్టం ద్వారా స్లేవ్ సిలిండర్‌ను చేరి, దాని కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ ఫోర్కును కదిలిస్తుంది. ఇంజను ఆపి, ఒకరిని పెడల్ తొక్కమనండి. కడ్డీ ఎంత జరిగిందో మీరు స్కేలుతో కొలవండి. చేతులు ఫోర్కుకు దూరంగా ఉంచండి.

పెడల్ మెత్తగా ఉండి, నాలుగైదుసార్లు తొక్కాక గట్టిపడితే గొట్టంలో గాలి ఉన్నట్లే. గాలి తీసే స్క్రూ స్లేవ్‌కు పైవైపు ఉందో లేదో చూడండి. మార్పిడిలో అది కిందికి వస్తే ఎంత శ్రమపడినా గాలి పోదు.

పెడల్ గట్టిగానే ఉన్నా కడ్డీ తక్కువ జరుగుతోందా? చాలామంది ఇక్కడే పొరబడతారు. మాస్టర్ పాత బండిది, స్లేవ్ కొత్త గేరుబాక్సుది. మాస్టర్ వ్యాసం 20 మి.మీ., స్లేవ్ వ్యాసం 25 మి.మీ. అనుకుందాం. వైశాల్యాల నిష్పత్తి 400:625. మాస్టర్ పిస్టన్ 30 మి.మీ. కదిలితే స్లేవ్ 19.2 మి.మీ. మాత్రమే కదులుతుంది. బలం పెరిగింది, దూరం తగ్గింది.

కడ్డీ కావలసినంత జరిగినా గరగర పోకపోతే, అప్పుడు గేరుబాక్సు దించండి. ప్లేటు తిరగబడిందేమో, రిలీజు బేరింగు ఎత్తు సరిపోయిందో లేదో చూడండి.

ప్రశ్న: అదే మాస్టర్‌కు 22 మి.మీ. స్లేవ్ బిగిస్తే కడ్డీ ఎంత జరుగుతుంది?
(జవాబు: సుమారు 24.8 మి.మీ.)