ఇంటికి కొత్తగా వచ్చిన కుక్కపిల్ల



ఆసుపత్రి పుస్తకంలో కుక్కపిల్ల సంగతేమిటని మీరు అనుకోవచ్చు. వార్డులో పేషెంట్ల దగ్గర ఉండే బంధువులు ఈ ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "సిస్టర్, అమ్మ ఇంటికొచ్చాక పగలంతా ఒక్కతే ఉంటుంది, తోడుగా చిన్న కుక్కపిల్లను తెద్దామనుకుంటున్నాం, తేవచ్చా?" అని ఒకరు, "పరీక్షలయ్యాక కొనిపెడతామని పిల్లలకు మాట ఇచ్చాం" అని ఇంకొకరు. తేవచ్చు. మూగజీవుల ప్రాణాన్ని పట్టించుకునేవాణ్ణి సామెతల గ్రంథం (12:10) నీతిమంతుల లెక్కలో చేర్చింది. కానీ తెచ్చాక మొదటి రెండు వారాలు జాగ్రత్తగా గడపకపోతే అది కుక్కపిల్లకూ కష్టమే, మీ ఇంటి పిల్లలకూ ప్రమాదమే.

కొన్నేళ్ల క్రితం తుంటి ఎముక విరిగి ఒక పెద్దావిడ మా వార్డులో ఉన్నారు. ఆమె మనవడు, తొమ్మిదేళ్ల వాడు, రోజూ సాయంత్రం క్యారియర్ పట్టుకుని వాళ్లమ్మతో వచ్చేవాడు. ఒకరోజు అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చాడు. చేయి పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు. చొక్కా పైకి మడిచి చూస్తే మణికట్టు దగ్గర నాలుగు చిన్న గాట్లు, వాటి మీద ఎండిపోయిన కాఫీపొడి. ఇంటికి కుక్కపిల్ల వచ్చి ఐదు రోజులైందట, కరిచి రెండు రోజులైందట. "నాన్నకి చెప్పకండి సిస్టర్, చెబితే బుజ్జిగాణ్ణి ఎవరికైనా ఇచ్చేస్తారు" అని ఏడ్చాడు.

ఆ రోజే కడిగించి, గాయంలో వేసే మందుతో సహా సూదులు మొదలుపెట్టించాం. తర్వాత వాళ్లమ్మను అడిగితే విషయం తెలిసింది. పెద్దావిడను చూడడానికి ఇంటి నిండా చుట్టాలు. వచ్చిన ప్రతివాళ్లూ కుక్కపిల్లను ఎత్తుకోవడం, పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడం. దానికి నిద్ర లేదు. నిద్రపోతున్న దాన్ని బాబు ఎత్తుకోబోయాడు, అది కరిచింది. ఇందులో దాని తప్పేమీ లేదు.

తెచ్చే ముందు

తల్లి దగ్గర కనీసం 8 వారాలు పెరిగిన పిల్లనే తీసుకోండి. అంతకంటే చిన్న పిల్లలను అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం నియమాలు చెబుతున్నాయి. అయినా నెల రోజుల పిల్లలను అమ్మేవారు ఉన్నారు. తల్లితోనూ తోబుట్టువులతోనూ ఆడుకుంటూనే ఎంత గట్టిగా కరవవచ్చో, ఎప్పుడు వదలాలో కుక్కపిల్ల నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

మన ఊళ్లలో పామేరియన్ అని పిలిచే తెల్లకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఏదైనా సరే, చిన్న జాతి పిల్ల అంటే కిలో, కిలోన్నర బరువుండే ప్రాణం. మంచం మీదనుంచి దూకినా, పిల్లల చేతుల్లోంచి జారినా కాలు విరుగుతుంది. అందుకే పిల్లలు నేల మీద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని మాత్రమే ముట్టుకోవాలి. నిలబడి ఎత్తుకోవడం పెద్దవాళ్ల పని. మెడకు గొలుసు కట్టి లాగకండి, ఈ జాతుల గొంతు గొట్టం సున్నితం. ఛాతీ చుట్టూ వేసే బెల్టు వాడండి.

మొదటి రాత్రి

కుక్కపిల్ల మొదటి రాత్రి ఏడుస్తుంది. పుట్టినప్పటినుంచి తల్లి వెచ్చదనంలో, తోబుట్టువుల మధ్య పడుకున్నది హఠాత్తుగా ఒంటరిదైంది. దాన్ని వరండాలోనో, బాత్‌రూములోనో పెట్టి తలుపు వేస్తే భయం ఇంకా పెరుగుతుంది. పెద్దవాళ్లు పడుకునే గదిలోనే ఒక మూల అట్టపెట్టెలో పాత నూలు చీర మడిచి పరవండి. తెచ్చేటప్పుడు తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని అందులో వేయండి. ఆ వాసనకు చాలావరకు ఊరుకుంటుంది. చలికాలమైతే గోరువెచ్చని నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టండి, వేడిగా ఉన్నప్పుడు దూరంగా జరగడానికి పెట్టెలో చోటుండాలి.

ఏడిస్తే పక్కన కూర్చుని చేయి వేసి ఉంచండి. లైటు వేసి ఆటలు మొదలుపెట్టకండి, రేపు కూడా అదే అడుగుతుంది. కొట్టడం, అరవడం అసలు వద్దు. మూడు నాలుగు రాత్రుల్లో చాలా పిల్లలు సర్దుకుంటాయి, కొన్నిటికి వారం పడుతుంది. మీకూ నిద్ర తక్కువే. పసిపిల్లను పెంచిన ఇల్లాలికి ఇది కొత్త కాదు.

పగలు కూడా దానికి నిద్రే ముఖ్యం. ఈ వయసులో రోజుకు 18 గంటల దాకా పడుకుంటుంది. పెట్టెలో ఉన్నప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు అనే ఒక్క నియమం ఇంట్లో పెట్టండి. చూడడానికి వచ్చే చుట్టాలను, ఇరుగుపొరుగు పిల్లలను మొదటి వారం కాస్త ఆపండి. దీపావళి రోజుల్లో కొత్త పిల్లను తేకపోవడం మేలని నా ఉద్దేశం.

తిండి, ఒకటీ రెండూ

అమ్మినవాళ్లు ఏం పెట్టారో అడిగి వారం రోజులు అదే పెట్టండి, తర్వాత కొంచెం కొంచెంగా మార్చండి. గిన్నెడు పాలు పోస్తే చాలనుకుంటారు, కానీ ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు పడక విరేచనాలవుతాయి. మెత్తని అన్నంలో ఎముకలు తీసిన ఉడికించిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు కలిపి పెట్టవచ్చు, అయితే ఎదిగే పిల్లకు అదొక్కటే చాలదు. మిగతాది పశువైద్యుణ్ణి అడగండి.

చిన్న జాతి పిల్లలకు రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. ఇంట్లో షుగర్ పేషెంట్ ఉన్నవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తిండి ఆలస్యమైతే వీటికి రక్తంలో చక్కెర పడిపోతుంది. నీరసంగా తూలుతుంది, వణుకుతుంది, పిలిచినా పలకదు. అప్పుడు గ్లూకోజు నీళ్లు గానీ, తేనె గానీ వేలితో చిగుళ్లకు రాసి వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహలేని పిల్ల నోట్లో నీళ్లు పోయకండి.

ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, పాయసంలోని కిస్‌మిస్ కుక్కలకు విషం. ఉడికిన కోడి ఎముకలు పేగులకు గుచ్చుకుంటాయి. ఇంకొకటి, ఇది మీకు మరీ ముఖ్యం. మన ఆసుపత్రినుంచి తీసుకెళ్లిన మాత్రల కవరు మంచం పక్కనే, దిండు కిందే పెడతారు. కింద పడిన మాత్ర ముందుగా దొరికేది కుక్కపిల్లకే. దానికి ఒళ్లు వెచ్చబడిందని మనుషుల పారాసిటమాల్, నొప్పి మాత్రలు వేయడమూ అంతే ప్రమాదం.

ఒంటికి, రెంటికి తిన్న వెంటనే, నిద్ర లేవగానే, ఆడుకున్నాక వెళ్తుంది. ఆ సమయాల్లో తీసుకెళ్లి పాత పేపరు పరిచిన చోట దించండి, అక్కడ వెళ్తే మెచ్చుకోండి. తప్పు చోట వెళ్తే మాట్లాడకుండా తుడవండి. మూతిని అందులో రుద్దడం పాత పద్ధతి, దానివల్ల భయపడి మంచాల కిందకు వెళ్లి పోస్తుంది, అంతే. మలం ఎత్తిన చేతులు సబ్బుతో కడగాలి, ఇసుకలో ఆడే పిల్లలైతే తప్పకుండా కడగాలి. కుక్కపిల్లల పేగుల్లో ఉండే నులిపురుగుల గుడ్లు మన పిల్లల కడుపులోకి చేరతాయి. అందుకే తెచ్చిన వారంలోనే పశువైద్యుడి చేత పురుగుల మందు వేయించండి. మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకొకసారి, తర్వాత ఆరు నెలలదాకా నెలకొకసారి వేస్తారు.

టీకాలు

పార్వో అనే జబ్బు వస్తే వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే చిన్న పిల్ల చనిపోవచ్చు. దీనికి 6 నుంచి 8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేయిస్తారు. ఆ టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించకండి. రేబీస్ టీకా మూడు నెలల వయసులో వేస్తారు. మళ్లీ ఎప్పుడు వేయించాలో డాక్టరు కార్డు మీద రాస్తారు.

లెక్క చూడండి. రెండు నెలల పిల్లను తెచ్చారంటే కనీసం నెల రోజులు మీ ఇంట్లో రేబీస్ టీకా లేని కుక్క ఉన్నట్టే. "ఇంట్లో కుక్కే కదా, పిల్ల కుక్కే కదా, ఏమవుతుంది" అన్న మాట మా దగ్గర చాలామంది అంటారు. మీ ఇంటికి రాకముందు దాన్ని ఏ కుక్క కరిచిందో మీకు తెలియదు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

కరిస్తే, గీరితే

కొళాయి కింద ధారగా పోసే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు గడియారం చూసి కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు ఏదీ పెట్టకండి. కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి రండి. బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారని ఇప్పటికీ భయపడి రానివారున్నారు. ఆ పాత మందు తయారీని మన దేశంలో 2004 చివరికే ఆపేశారు. ఇప్పుడు సూది చేతికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకు, కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులకు. సున్నా అంటే మొదటి సూది వేసిన రోజు. రక్తం వచ్చేలా కరిస్తే వీటితోపాటు గాయంలో, గాయం చుట్టూ వేసే మందు కూడా అవసరం. కుక్కకాటు టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

తెగిన చర్మం మీద నాకినా కాటు కిందే లెక్క. ఆపరేషన్ కుట్లు ఉన్నవారి మంచం ఎక్కనివ్వకండి. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కినవారి విషయంలో మరీ జాగ్రత్త. నిద్రలో కుక్కపిల్ల వేలు కొరికినా వారికి తెలియదు, తెల్లవారి దుప్పటికి రక్తం చూసి తెలుసుకుంటారు. రాత్రి వారి గది తలుపు వేసి ఉంచండి, ఉదయం పాదాలు చూడండి. కాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడుతున్నవారు ఇంట్లో ఉంటే కుక్కపిల్లను తేవడానికి ముందే డాక్టరుగారిని అడగండి.

పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. మూడు నాలుగు నెలలనుంచి అవి ఊడి కొత్తవి వచ్చేటప్పుడు దొరికినదల్లా కొరుకుతుంది. చేతులతో ఆడించకండి, గట్టిగా ముడివేసిన గుడ్డ ఇవ్వండి. కరిస్తే ఆట ఆపి లేచి వెళ్లిపోండి.

మీ పిల్లలకు కుక్కపిల్ల ఇంటికి రాకముందే ఒక మాట చెప్పండి: "అది కరిచినా గీరినా మాకు చెప్పు, నిన్నూ తిట్టం, దాన్నీ పంపేయం." ఆ మాట మీద నిలబడండి. రోజూ స్నానం చేయించేటప్పుడు చేతులు, కాళ్లు, ముఖం చూడండి. మాటలు రాని పసివాణ్ణి, కుక్కపిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి.

ఆ బాబు సంగతి వాళ్ల నాన్నగారికి నేనే చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పది రోజులు కట్టేసి చూడాలంటారు కదా సిస్టర్" అని అడిగారు. కట్టేయనక్కర్లేదు, ఇంట్లోనే ఉంచి పది రోజులు కనిపెట్టి ఉండాలని చెప్పాను. తిండి మానేసినా, నోట చొంగ కారినా, ప్రవర్తన మారినా, చనిపోయినా వెంటనే తెలపాలి. ఆ పది రోజులు బాగుందని కదా అని సూదులు మొదలుపెట్టడం మాత్రం ఆపకూడదు. పదో రోజు సాయంత్రం బాబు క్యారియర్‌తో వచ్చి, బుజ్జిగాడు అన్నమంతా తినేశాడని చెప్పాడు. అప్పటికి మూడు సూదులయ్యాయి, మిగతావి వేయాలో వద్దో డాక్టరుగారు చూసి చెప్పారు.