విశ్వాసము – కాయకము – దాసోహము



విశ్వాసము మనుష్యునకు మేలు చేయునా? చేయునన్నచో, ఆ మేలు పూజించువానితోనే నిలిచిపోవునా, ఇరుగుపొరుగువారికిని అందునా? ప్రతిదినము లింగమును అరచేత నుంచుకొను వీరశైవుడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యిది.

మొదట వ్యక్తి విషయము చూతము. దీక్షాకాలమున గురువు ఇష్టలింగమును కరస్థలమున నుంచును. నాటినుండి శివుని దర్శించుటకు గుడిదాక పోవలసిన పని లేదు. కూలివాడైనను అధికారియైనను, స్త్రీయైనను పురుషుడైనను, ఎవరి పూజ వారిదే. దినమునకు కొంతసేపు దృష్టిని అరచేతియందు నిలుపుటచే చెదరిన మనస్సు కుదుటబడును. పూజ చేసినంతమాత్రమున దుఃఖము తొలగిపోదు గాని, దానిని మోయుటకు తోడు కలదను ధైర్యము కలుగును. రోగము వచ్చినచో వైద్యునియొద్దకు పోవలసినదే. విశ్వాసము మందునకు బదులు కాదు; మందు పనిచేయువరకు ఓర్చుకొను బలము.

ఇంతవరకు అందరును అంగీకరింతురు. చిక్కు దీని తరువాతనే వచ్చును. అందులకు నా అనుభవమునే చెప్పెదను.

ఉపాధ్యాయుడనైన తొలి యేండ్లలో నాకు లింగపూజయందు మిక్కిలి ఆసక్తి. ఒక్కొక్కనాడు పూజ గంటకు మించెడిది. బడికి ఆలస్యముగా చేరెడివాడను. శివపూజకై జరిగిన ఆలస్యము దోషము కాదని నా నమ్మకము. ఒక వానకాలపు ఉదయమున నేను పోవుసరికి పిల్లలందరు చూరుక్రింద ఒదిగి తడియుచు నిలిచియుండిరి. గది తాళపుచెవి నాయొద్ద నున్నది. ఒక చిన్నవాడు ఇంటివద్ద పలకపై చేసి తెచ్చిన లెక్కలు వానకు చెరిగిపోయినవి. వాడు ఏమియు అనలేదు. పలకను మాత్రము చూపెను. ఆ దినము నేను పూజించినది లింగమునా, నా తృప్తినా అని ఆలోచనలో పడితిని. మరునాటినుండి గంట ముందుగా లేచుట నేర్చితిని.

నులియ చందయ్య కథకు అర్థము నాకు అప్పుడు తెలిసినది. 12వ శతాబ్దమున బసవేశ్వరుని కాలమునాటి ఆ శరణుడు గడ్డి కోసి, త్రాళ్లు పేని, అమ్మగా వచ్చినదానితో జంగమ దాసోహము సలుపువాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడెను. దాసోహమునకు వేళ మించునని ఆయన పని మానక ముందునకే సాగెను. పిదప మడివాళ మాచయ్య ఆయనకు నచ్చజెప్పెనని కథ. ఇది లింగమును తేలిక చేయు కథ కాదు. కాయకమును విడిచిన పూజ లింగమునకే సమ్మతము కాదని తెలుపు కథ.

కాయకమనగా కేవలము జీవనోపాధి కాదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులను తలచుకొందము. కన్నడమున ఆయ్దు అనగా ఏరి, అక్కి అనగా బియ్యము. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని వండి దాసోహము చేయుట ఆ దంపతుల వ్రతము. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది మనది కాదు, తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. పేదయింటి యిల్లాలు చేతికి వచ్చిన గింజలను వలదనుటకంటె విశ్వాసమునకు వేరు నిదర్శనమేమి కావలెను? రేపటి భారము శివునిదని నమ్మినవానికే నేడు దాచుకొను తహతహ తగ్గును. అది తగ్గిన యింట శాంతియు, అట్టి యిండ్లున్న ఊర సమత్వమును నెలకొనును.

ఇది పూర్వకాలపు మాట యని కొందరనవచ్చును. కర్ణాటకమున తుమకూరునందలి సిద్ధగంగా మఠమును చూడుడు. 2019 జనవరి 21న, 111 యేండ్ల వయస్సున శివైక్యులైన శ్రీ శివకుమారస్వామివారు వేలాది బాలురకు కులమతభేదము లేక అన్నము, వసతి, విద్య సమకూర్చిరి. వారు వేకువనే లేచి లింగపూజ చేసెడివారు. ఆ పూజ అంతటితో ఆగక పిల్లల విస్తరివరకు నడచినది.

ఇక చెప్పుటకు కష్టమైన మాట యొకటి కలదు. కల్యాణమున చర్మకార కులమున పుట్టిన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగినందులకు ఆ తండ్రు లిరువురును ప్రాణములే యిచ్చిరి. లింగధారులందరు సమానులను విశ్వాసమునకు వారు చెల్లించిన మూల్యమది. మరి నేడు మన యిండ్లలో సంబంధము వచ్చినపుడు, పిల్లవాని గుణము అడుగుటకు ముందే శాఖ యేదని అడుగుచున్నాము. నేనును అడిగినవాడనే. మెడలోని లింగము అప్పుడు మనలను చూచి యేమనుకొనునో!

కావున రేపటి పూజ ముగించి లింగమును వస్త్రమున చుట్టునపుడు మూడు ప్రశ్నలు వేసికొందము. నేడు నా కాయకమునకై ఎవరైన వానలో వేచియున్నారా? నా యింట అవసరమునకు మించినది ఏమున్నది, అది ఎవరికి చేరవలెను? నేను తక్కువగా చూచినవారెవరు? వీనికి సమాధానము ఆచరణలో దొరికిననాడు మన విశ్వాసము మనకును, సమాజమునకును మేలు చేసినట్లు.