యోగము - అంగములు, అంతరంగము

నేడు యోగమనగానే పెక్కుమందికి స్ఫురించునది దేహమును వంచు వ్యాయామమే. 2014వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినోత్సవముగా ప్రకటించిన పిదప ఆసనములకు ప్రచారము మరింత హెచ్చినది. ఆరోగ్యదృష్టితో ఇది సంతోషింపదగినదే. కాని ఒకనాడు ఆలయమండపమున స్తంభమునకు చేరగిలి జపము చేసికొనుచున్న ఒక వృద్ధురాలు, "నాయనా! నా మోకాళ్లు వంగవు. ఈ జన్మకు నాకు యోగము లేనట్లేనా?" అని అడిగినది. ఆమె ప్రశ్నకు శాస్త్రము చెప్పు సమాధానమేమో విచారింతము.

పతంజలి మహర్షి యోగసూత్రములు సమాధి, సాధన, విభూతి, కైవల్యములను నాలుగు పాదములుగా నున్నవి. సుమారు 195 సూత్రములలో ఆసనమును నేరుగా వివరించునవి మూడు మాత్రమే. అష్టాంగములలో ఆసనము మూడవది. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను యమములును. శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అను నియమములును దానికి ముందే చెప్పబడినవి. పిమ్మట ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణా, ధ్యాన, సమాధులు. నోట అసత్యము, మదిలో అసూయ నుంచుకొని శీర్షాసనము వేసినచో తలక్రిందులగునది దేహమే గాని స్వభావము కాదు.

ఇక ఆసనమునకు మహర్షి చెప్పిన లక్షణము స్థిరత్వము, సుఖము. వ్యాసభాష్యమున పద్మాసన, వీరాసనాదులతోపాటు 'సోపాశ్రయము' అను ఆసనమును పేర్కొనబడినది. అనగా ఆధారమును ఆనుకొని కూర్చుండుట. కావున ఆ వృద్ధురాలు ఆనుకొన్న స్తంభము యోగమునకు ఆటంకము కాదు, సాధనమే.

గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు మనస్సును గాలితో పోల్చి, దానిని నిగ్రహించుట దుష్కరమని మొరపెట్టుకొనెను. అభ్యాసవైరాగ్యములచే అది సాధ్యమని భగవానుడు బదులు చెప్పెను. పతంజలి చూపిన ఉపాయములును ఈ రెండే. ఆహారనిద్రలయందు మితము కావలెనని బోధించిన స్వామి, శ్రద్ధతో తన్ను భజించువాడే యోగులందరిలో శ్రేష్ఠుడని ఆ అధ్యాయమును ముగించెను. భగవద్రామానుజులు ధ్యానమును తైలధారవలె ఎడతెగని స్మరణముగా వివరించి, అది ప్రీతిరూపమైనపుడు భక్తియే యగునని నిరూపించిరి.

పాంచరాత్ర సంప్రదాయము వైష్ణవుని దినమును ఐదు కాలములుగా విభజించినది. ప్రాతఃకాలమున భగవంతుని సన్నిధి చేరుట అభిగమనము. ఆరాధనద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. ఆరాధనము ఇజ్య. సద్గ్రంథపఠనము స్వాధ్యాయము. రాత్రి సర్వకార్యములు ముగించి మనస్సును స్వామియందు నిలుపుట ఐదవది; దాని పేరే యోగము. పగటి నడవడి శుద్ధమైననే రాత్రి ధ్యానము నిలుచును. పగలు సరకు తూకములో మోసము చేసినవానికి కనులు మూసికొన్నను త్రాసే కనబడును గదా!

కనుక గృహస్థులు శరీరము సహకరించినంత ఆసనాభ్యాసము చేయవచ్చును. కాని అంతటితో యోగము పూర్తియైనదని తలపరాదు. నేడు ఒక కఠినవాక్యమును నాలుకపై ఆపుటయు, పరుల సొమ్మును ఆశింపకుండుటయు, నిద్రకు ముందు కొంతసేపు శ్రీమన్నారాయణుని తలచుటయు యోగమునకు మెట్లే. మోకాళ్లు వంగకున్నను మనస్సు వంగినచో చాలును. ఆ తల్లి అడిగిన యోగము ఆమె జపములో అదివరకే ఆరంభమైనది.